సముద్రం రద్దు చేసిన వెంచరు

వర్జీనియా, మేరీల్యాండుల్లో మన తెలుగువాళ్ళం ఇంతమందిమి ఉన్నాం. ఎండాకాలం వచ్చిందంటే కార్లకు కార్లు ఓషన్ సిటీ దారి పడతాయి. బోర్డువాక్ మీద తిరుగుతాం, పిల్లల్ని జెయింట్ వీల్ ఎక్కిస్తాం, ఫ్రెంచ్ ఫ్రైలు తింటాం, ఫొటోలు దిగి వచ్చేస్తాం. అక్కణ్ణుంచి అరగంట కూడా పట్టదు, సముద్రపొడ్డున అడవి గుర్రాలు తిరుగుతుంటాయని ఇన్నేళ్ళలో ఒక్క మహానుభావుడైనా చెప్పాడా? కరివేపాకు మొక్క ఎవరింట్లో ఉందో చెబుతారు, ఏ షాపులో ఏ బియ్యం దిగాయో చెబుతారు, ఇది మాత్రం చెప్పరు. అందుకని నేను చెబుతున్నాను. అసటీగ్ వెళ్ళండి. కుదిరితే ఈ శనివారమే వెళ్ళండి.

అసటీగ్ ఒక ఇసుక దీవి. పొడవు 37 మైళ్ళు, అంటే దాదాపు 60 కిలోమీటర్లు. వెడల్పు చాలాచోట్ల హాయిగా నడిచి దాటేంతే. ఉత్తరపు ముక్క మేరీల్యాండుది, దక్షిణపు ముక్క వర్జీనియాది. తూర్పున అట్లాంటిక్, పడమర లోతులేని ఉప్పునీళ్ళు, మధ్యలో ఈ ఇసుక గట్టు. మాది సూళ్ళూరుపేట. ఇటు పులికాట్ సరస్సు, దాని అవతల రాకెట్లు లేచే శ్రీహరికోట, ఆ అవతల బంగాళాఖాతం. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన పటమే కదా ఇది! ఇంతలో మా ఆయన మ్యాపులో ఇంకో సంగతి చూపించాడు: అసటీగ్ దక్షిణపు కొనకు కాస్త దిగువన వాలప్స్ దీవి ఉంది, అక్కడొక రాకెట్ కేంద్రం ఉంది. 1945 నుంచి రాకెట్లు లేస్తున్న చోటు. మన తుంబలో మొదటి రాకెట్ ఎగిరిన 1963లోనే, దానికి ముందు, అబ్దుల్ కలాం గారు శిక్షణ కోసం నాసాకి వచ్చి ఈ వాలప్స్‌లో కూడా ఉన్నారు. టిప్పు సుల్తాన్ సైన్యం ఇంగ్లీషువాళ్ళ మీద రాకెట్లు వేస్తున్న బొమ్మను అక్కడి గోడ మీద చూశానని ఆత్మకథలో రాసుకున్నారు. 2020లో అంతరిక్ష కేంద్రానికి సరుకులు మోసుకెళ్ళిన కల్పనా చావ్లా పేరిటి నౌక కూడా ఇక్కణ్ణుంచే లేచింది. ఊరు కాని ఊళ్ళో మా పక్కింటివాళ్ళు కనబడినంత సంబరపడిపోయాను.

సరే, గుర్రాల దగ్గరికి వద్దాం.

వంతెన దాటి దీవిలో అడుగుపెట్టాక ఎక్కడో దూరాన చుక్కల్లా కనిపిస్తాయేమో, బైనాక్యులర్స్‌తో వెతుక్కోవాలేమో అనుకున్నాం. ఇసుక దిబ్బ ఎక్కి అవతలికి చూశామో లేదో, బీచిలో గొడుగుల మధ్య నుంచి గోధుమరంగు, తెలుపు మచ్చలున్న ఆడగుర్రం ఒకటి తీరుబడిగా నడిచి వస్తోంది. దాని వెనకాల పిల్ల. ఆ వెనకాల ఇంకో మూడో నాలుగో. కళ్ళేల్లేవు, నాడాల్లేవు, తోలే మనిషి లేడు. జనం తువాళ్ళూ చెప్పులూ తీసుకుని పక్కకు జరుగుతున్నారు. గుర్రాలు మాత్రం ఎవరి మొహమూ చూడకుండా నేరుగా నీళ్ళలోకి వెళ్ళి, మోకాళ్ళ దాకా అలలు తగిలేలా నిలబడ్డాయి. అంతే. అలా నిలబడే ఉన్నాయి. నా నోట మాట రాలేదు. మా చిన్నాడైతే ఐస్ బాక్సు మీద కూర్చుని, అందులో ఏముందో కూడా మరిచిపోయాడు.

ఆ గుర్రాలు అలల్లోకి వెళ్ళేది షికారుకు కాదట. ఎండాకాలం దీవి లోపల జోరీగలు, దోమలు దాడి చేస్తాయి. సముద్రపు గాలికి అవి నిలవలేవు. అందుకని మధ్యాహ్నం వేళకి గుర్రాలు బీచికి వచ్చేస్తాయి. ఈ మాట మాకు చెప్పింది పార్కు వలంటీరు ఒకావిడ. అందరినీ 40 అడుగుల దూరంలో, అంటే ఒక బస్సు పొడవంత ఎడంగా ఉంచడమే ఆవిడ పని. ముట్టుకోకూడదు, తిండి పెట్టకూడదు. కరుస్తాయి, తంతాయి. జనం పెట్టే తిండికి అలవాటు పడినవి రోడ్డు పక్కన కార్ల కోసం కాచుకుని ఉండి, చివరికి ఆ కార్ల కిందే పడతాయి. గుడారాలు వేసుకునేవాళ్ళ ఐస్ బాక్సులు తెరవడం కూడా నేర్చుకున్నాయట గడుసు గుర్రాలు.

మా అత్తయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి గిల్లి, "ఏమ్మాయ్, వీటన్నిటికీ నెలలు నిండినట్టున్నాయే!" అంది. నిజమే, అన్నిటికీ పొట్టలు ఇంతింత ఉన్నాయి. "పిల్లనేసుకుని తిరుగుతోందే, దానికీ? అదిగో, ఆ పక్కనున్న మగదానికి కూడానా?" నేను నవ్వు ఆపుకుంటూ ఆ వలంటీరును అడిగాను. ఆవిడ నవ్వలేదు. అందరూ అడిగేదే కాబోలు. అదంతా ఉప్పు మహిమ అంది. దీవిలో వీటికి మేత పర్రలో, అంటే పోటు నీళ్ళు ఎక్కే బురదనేలలో, పెరిగే ఉప్పుగడ్డి, దిబ్బల మీది గడ్డి. ఆ ఉప్పుకి తట్టుకోవాలంటే మామూలు గుర్రం తాగేదానికి రెట్టింపు పైగా మంచినీళ్ళు తాగాలి. వానకు నిండిన గుంటలే వాటికి దిక్కు. తాగీ తాగీ పొట్టలు అలా ఉబ్బి కనిపిస్తాయి. అత్తయ్యకు ఈ జవాబు తెగ నచ్చింది. బీపీ ఉన్న మనిషి కదా, ఉప్పు మీద ఆమెకు స్వయంగా కొన్ని అభిప్రాయాలున్నాయి.

మందలో మగగుర్రం ఏం చేస్తుందో చూడండి, ఒక సినిమాకు సరిపోతుంది. మా కళ్ళ ముందే వేరే మగది ఒకటి దిబ్బ మీద కనబడింది. వెంటనే ఇది తల నేలకు ఆనేంత దించి, చెవులు వెనక్కి అంటించేసి, మెడ అటూ ఇటూ ఆడిస్తూ తన ఆడగుర్రాల వెనకాల చేరి తోలడం మొదలెట్టింది. నోట్లోంచి చప్పుడు లేదు, కాలు విసిరింది లేదు, మెడ ఒక్కటే ఆడుతోంది. ఆడగుర్రాలు, ఎటూ మేమూ అటే పోదామనుకున్నాం అన్నట్టుగా, నింపాదిగా కదిలాయి. వాటిలో ముసలిది ఒకటి మాత్రం ఆగి, ఓ గడ్డి దుబ్బును పెదాలతో పక్కకు లాగి, ఇసుక రాలేలా రెండుసార్లు విదిలించి, నమిలి, అప్పుడు బయల్దేరింది. వాళ్ళావిడ పెద్దరికం అది!

వీటి పూర్వీకులు మునిగిపోయిన స్పెయిన్ ఓడ నుంచి ఈదుకుంటూ వచ్చాయని ఊళ్ళో కథ చెబుతారు. 17వ శతాబ్దంలో అవతలి ఒడ్డు రైతులు, కంచె కట్టే బాధా పన్నూ తప్పించుకోవడానికి పశువుల్ని దీవి మీద వదిలారనేది ఇంకో మాట. నాకు రెండోదే నమ్మకంగా ఉంది. పన్ను ఎగ్గొట్టడానికి మనిషి పడే పాట్లు ఏ దేశంలోనైనా నమ్మదగినవే.

ఇక గుర్రాల వీపు మీద తెల్ల కొంగలు! మనూళ్ళో గేదెల వెంట తిరిగేవే, పసుపు ముక్కువి. ఆఫ్రికా నుంచి ఎవరూ తేకుండానే, వాటంతట అవే అట్లాంటిక్ మీదుగా ఎగిరొచ్చి 19వ శతాబ్దం చివర్లో దక్షిణ అమెరికాలో దిగాయి, ఆ తర్వాత మెల్లగా ఉత్తరానికి పాకాయి. వీసా అడిగినవాళ్ళు లేరు. వచ్చాక గేదె దొరకలేదు, గుర్రం దొరికింది, సర్దుకున్నాయి. మనకంటే ముందొచ్చిన మనూరివాళ్ళన్నమాట.

సముద్రం వైపు గుర్రాలు చూసి జనం వెనక్కి తిరిగిపోతున్నారు. మీరలా పోకండి. దీవి పడమటి వైపుకు, పర్రలోకి చెక్కబాట వేసి ఉంది. పావుగంట నడక. నేనైతే అక్కడ గంటలు గంటలు ఉండిపోగలను. మొదట్లో ఏముంది, గడ్డి, బురద, వాసన. వంగి చూడాలి. ఒక్క గడ్డిపరకను వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకు పెట్టి చూశాను: ఆకు మీద సన్నటి మెరిసే పలుకులు. వేలితో రాసి నాలికకు తగిలిస్తే ఉప్పు! ఈ గడ్డి వేళ్ళతో ఉప్పునీళ్ళు తాగి, ఎక్కువైన ఉప్పును ఆకుల్లోంచి బయటకు తోసేస్తుంది. గుర్రం తినేది ఈ గడ్డినే. అదే పరక మొదట్లో గోరంత నత్తలు అంటుకుని ఉన్నాయి. పోటు వస్తున్నకొద్దీ అవి గడ్డి ఎక్కుతాయి, నీళ్ళలో వచ్చే నీలిపీతల నోట పడకుండా. పాటుకు నీళ్ళు తీస్తే మళ్ళీ దిగుతాయి. మేం చూస్తుండగానే ఒకటి అరంగుళం ఎక్కింది. మా పెద్దాడు దానికి చప్పట్లు కొట్టాడు.

బురదలో ఒక చెయ్యి పెద్దగా, ఒక చెయ్యి చిన్నగా ఉన్న పీతలు. మగవే అలా ఉంటాయి. వందల కొద్దీ నిలబడి ఆ పెద్ద చెయ్యి ఊపుతుంటాయి, మా ఇంటికి రండి, మా ఇంటికి రండి అని. మన అడుగు చప్పుడు తగలగానే అన్నీ ఒక్కసారిగా బొరియల్లో మాయం. కదలకుండా కాసేపు నిలబడితే ఒక్కొక్కటే బయటకొచ్చి మళ్ళీ పిలుపులు మొదలు.

పిట్టల సంగతి చెప్పకపోతే మా ఊరి పరువు పోతుంది. మా దగ్గరి నేలపట్టు గూడబాతుల్ని చూస్తూ పెరిగినదాన్ని. గూడబాతు అంటే నీళ్ళ మీద తేలుతూ సంచి ముక్కు ముంచి చేపల్ని ఎత్తుకునేదని నా లెక్క. ఇక్కడి గోధుమరంగు గూడబాతు అలాంటిది కాదండీ! అంత ఎత్తున ఎగురుతూ ఎగురుతూ, రెక్కలు వెనక్కి మడిచి, తల కిందికి పెట్టి సముద్రంలోకి దభీమని పడుతుంది. మొదటిది పడ్డప్పుడు ఏదో జబ్బు చేసి రాలిందేమో అనుకున్నారు పక్కవాళ్ళెవరో. లేచి, సంచిలో నీళ్ళు వార్చి, చేపను గుటుక్కున మింగింది. డీడీటీ మందు వాడకం రోజుల్లో అమెరికాలో ఈ గూడబాతులూ, చేపలు పట్టే డేగలూ గుడ్ల పెంకులు పలచనై పగిలిపోయి నాశనమయ్యే దశకు వచ్చాయి. 1972లో ఆ మందును నిషేధించాక కోలుకున్నాయి. ఇప్పుడు డేగ గూడు లేని స్తంభం కనబడదు. ఇంకో పిట్ట ఉంది, దాని కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు. సాయంత్రం నోరు తెరిచి, ఆ కింది ముక్కుతో నీటిని దున్నుకుంటూ ఎగురుతుంది. చేప తగిలితే టక్కున మూస్తుంది. దేవుడు కొలతలు తప్పాడేమో అనిపించే ముక్కుతో ఎంత నాజూకు పని!

బీచిలో కొంత భాగానికి తాడు కట్టి ఉంటే మొదట మా ఆయన విసుక్కున్నాడు. తాడు అవతల ఏమీ లేదు, ఇసుకే. బైనాక్యులర్స్‌లో చూస్తే ఆ ఇసుకలో ఓ ముక్క పరిగెత్తింది. పైపింగ్ ప్లవర్ అనే ఉల్లంకి జాతి పిట్ట. రంగు అచ్చం ఎండిన ఇసుక రంగు. గూడు లేదు, పాడు లేదు, ఇసుకలో చిన్న గుంట, అందులో ఇసుక రంగు గుడ్లే. దాని పిల్లల్ని చూశాను. దూదిపింజకు రెండు పుల్లలు గుచ్చి వదిలినట్టున్నాయి! గుడ్డులోంచి బయటపడ్డ గంటల్లోనే పరిగెత్తి తమ తిండి తామే ఏరుకుంటాయి. ఎవరైనా దగ్గరికొస్తే తల్లి రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ నటించి వాళ్ళను వేరే వైపుకు తీసుకుపోతుంది. 1986 నుంచి ఇవి ప్రభుత్వం కాపాడే జాబితాలో ఉన్నాయి. మేరీల్యాండు మొత్తంలో గుడ్లు పెట్టేది ఈ దీవి మీదే. ఆ తర్వాత తాడు గురించి మా ఆయన మాట్లాడలేదు.

పొద్దుగూకాక బీచి నుంచి వెళ్ళిపోకండి, అసలు ఆట అప్పుడే. ఇసుకలో పిడికిలి పట్టేంత బొరియ ఒకటి. దాని ముందు కూర్చున్నాం. కాసేపటికి అందులోంచి రెండు కళ్ళు లేచాయి, కాడల మీద నిలువుగా. తర్వాత పీత. ఒక పక్క కాళ్ళ మధ్య ఇసుక పొదివి పట్టుకుని, అడ్డంగా రెండడుగులు వేసి, ఆ ఇసుకను విసిరికొట్టి, మళ్ళీ లోపలికి. ఇల్లు కట్టుకుంటోంది. టార్చి వెయ్యగానే కొయ్యబారిపోయింది. ఇసుక మీద ఇసుక రంగు, కనబడేది దాని నీడే. పరుగు అందుకుందా, నీడ కూడా అందదు. అప్పుడప్పుడూ అలల అంచు దాకా పోయి మొప్పలు తడుపుకుని వస్తుంది. మా వైపు మైపాడు బీచిలోనూ ఇలాంటి పీతలే ఉంటాయి. చిన్నప్పుడు వెంటపడి తరిమామే తప్ప ఇలా కూర్చుని చూసిందెప్పుడు!

దీవి ఈ కొన నుంచి ఆ కొనకు రోడ్డు లేదు. వర్జీనియా వైపుకు పోవాలంటే బయటికొచ్చి, చుట్టూ తిరిగి, షింకటీగ్ అనే చిన్న ఊరి మీదుగా మళ్ళీ వంతెనెక్కాలి. ఇటువైపు 1943లో, ముఖ్యంగా మంచుబాతుల కోసం పెట్టిన పక్షుల శరణాలయం ఉంది. పైన్ చెట్లు, మంచినీటి మడుగులు, ఎరుపు తెలుపు పట్టీల లైట్‌హౌసు. 1867 నాటిది, 142 అడుగులు. మడుగుల చుట్టూ 5 కిలోమీటర్ల బాట ఉంది. మధ్యాహ్నం 3 గంటల దాకా దాని మీదికి కార్లు రానివ్వరు, సైకిళ్ళూ నడకా మాత్రమే. ఎంత మంచి రూలు! పొద్దున్నే వెళితే మన టైరు చప్పుడు తప్ప ఇంకోటి వినపడదు. నారాయణ పక్షులు మన వైపు ఒక కన్ను వేసి ఉంచి వేటాడుకుంటుంటాయి. పైన్ల కింద వెండి రంగులో పిల్లి అంత ఉడత కనబడింది. డెల్మార్వా ఉడతట. అంతరించిపోయే జాబితాలో 1967లో ఎక్కించి, బాగా పెరిగాయని 2015లో తీసేశారు. జాబితాలోంచి ఇలా బయటపడే జీవులు ఎన్నుంటాయి చెప్పండి! చుక్కల దుప్పుల్లాంటివీ కనబడ్డాయి. జపాను జాతివి, 1920లలో ఎవరో తెచ్చి వదిలినవి.

ఇంత చోటు, ఇంత బీచి, వాషింగ్టన్ నుంచి మూడు గంటల దూరంలో, ఒక్క హోటలూ ఒక్క అపార్టుమెంటూ లేకుండా ఎలా మిగిలిందబ్బా అని నాకు మొదటి నుంచీ అనుమానం. అవతల ఓషన్ సిటీ చూడండి, సందు లేకుండా కట్టేశారు. ఆ కథ తెలిసినప్పుడు పడీ పడీ నవ్వాను. 1950లలో ఇక్కడా వెంచరు వేశారండీ! మేరీల్యాండు వైపు ఇసుకను కొలిచి, గీతలు గీసి, వేల ప్లాట్లు అమ్మేశారు. ఆ వైపు పొడుగునా తారు రోడ్డు వేశారు. దానికి బాల్టిమోర్ బులెవార్డ్ అని పెద్ద పేరు. కొందరు ఇళ్ళూ కట్టారు. 1962 మార్చిలో తుపాను వచ్చింది. వచ్చి పోయేది కాదు, వరుసగా అయిదు పోట్ల పాటు కదలకుండా కూర్చుంది. పోయేసరికి రోడ్డు లేదు, ఇళ్ళలో చాలావరకు లేవు, ప్లాటు సరిహద్దు రాళ్ళు ఏ సముద్రంలో ఉన్నాయో. మూడేళ్ళకు, 1965లో, దీన్ని జాతీయ తీరంగా ప్రకటించి ప్రభుత్వం తీసుకుంది. దిబ్బల మధ్య బాటలో ఆ తారు రోడ్డు ముక్కలు ఇప్పటికీ కనబడతాయి. విరిగిన అంచుల కింద ఇసుక జారిపోయి, పగుళ్ళలోంచి గడ్డి లేచింది. పక్కనే గుర్రపు పేడ. మన వైపు వెంచర్ల బ్రోచర్లు చూసినవాళ్ళెవరికైనా ఆ తారు ముక్క ముందు కాసేపు నిలబడాలనిపిస్తుంది.

ఎందుకంటే ఈ దీవి నిలబడి ఉండేది కాదు, నడిచేది. పెద్ద తుపాను వచ్చిన ప్రతిసారీ అలలు దిబ్బల్ని దాటి సముద్రం వైపు ఇసుకను పడమటి వైపుకు ఎత్తిపోస్తాయి. అలా దీవి మొత్తం తనమీద తాను దొర్లుకుంటూ నేల వైపుకు జరుగుతుంది. ఒకప్పటి పర్ర బురద ఇప్పుడు సముద్రం వైపు బీచిలో నల్లటి దిమ్మలుగా బయటపడుతుంటుంది! 1933 తుపాను అయితే ఓషన్ సిటీకీ దీనికీ మధ్య నేలను తెగ్గొట్టింది. ఆ గండి పూడకుండా మనుషులు రాతి గోడలు కట్టారు. దాంతో ఉత్తరం నుంచి కొట్టుకొచ్చే ఇసుక ఆగిపోయి, అసటీగ్ పై కొన సన్నబడి పడమరకు జరిగిపోయింది. ఇప్పుడు ఇసుకను తోడి దానికి అందిస్తున్నారు. జరిగిపోయే నేల మీద ప్లాటేమిటి, పత్రాలేమిటి? గుర్రం జరుగుతుంది, పీత కొత్త బొరియ తవ్వుకుంటుంది, ప్లవర్ తుపాను చదును చేసిన ఖాళీ ఇసుకలోనే గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది.

రాష్ట్రాల సరిహద్దు దగ్గర దీవికి అడ్డంగా కంచె ఉంది. అటూ ఇటూ గుర్రాల బతుకులు వేరు. మేరీల్యాండు మందను పార్కువాళ్ళు దాదాపుగా దాని మానాన దాన్ని వదిలేస్తారు. మరీ పెరగకుండా 1994 నుంచి ఆడగుర్రాలకు దూరం నుంచే బాణంలా సూది వేసి, పిల్లలు పుట్టకుండా టీకా ఇస్తూ వచ్చారు. ఏటేటా ఈనే బాధ తప్పాక వాటి ఆయుష్షు పెరిగిందట. వర్జీనియా మందకు యజమానులున్నారు. ఎవరనుకున్నారు? షింకటీగ్ ఊరి వలంటీరు ఫైర్ సర్వీసువాళ్ళు! ఏటా జూలై చివర్లో ఒక బుధవారం గుర్రాల్ని కాలువ ఈదించి ఊళ్ళోకి తోలుకొస్తారు, మర్నాడు పిల్లల్ని వేలం వేస్తారు, ఆ డబ్బుతో ఫైరింజన్లు నడుస్తాయి. 1925 నుంచి సాగుతోంది. 1947లో వచ్చిన 'మిస్టీ ఆఫ్ షింకటీగ్' అనే పిల్లల నవలతో ఈ ఈత దేశమంతా తెలిసిపోయింది. వేలం పాడుకున్న పిల్లను తిరిగి దీవికే వదిలెయ్యమని డబ్బు కట్టేవాళ్ళూ ఉన్నారు. నా మటుకు నాకు మేరీల్యాండు పద్ధతే నచ్చింది. ఆ ఈతకు వేలల్లో జనం వస్తారట, ఆ తొక్కిసలాటలో గుర్రాలేం కనబడతాయి? శీతాకాలంలో వెళ్ళి మంచుబాతులు దిగడం చూడాలని ఉంది. వేలకు వేలు తెల్లగా ఒక్కసారి లేస్తాయని ఆ వలంటీరు చెప్పినప్పుడు, ఫ్లెమింగోలు లేచినప్పటి పులికాట్ గుర్తొచ్చి మా అత్తయ్య, "అయితే అప్పటిదాకా నా టికెట్ పొడిగించండిరా" అంది.

వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. జూలై, ఆగస్టుల్లో పర్ర వైపు పోతే జోరీగలు చొక్కా మీంచి కూడా కుడతాయి. ఒంటి నిండా బట్ట వేసుకోండి, వచ్చాక పిల్లల కాళ్ళకు గోమార్లు పట్టాయేమో చూసుకోండి. మే, అక్టోబరు మేలు. పులిహోర తీసుకెళ్ళండి గానీ డబ్బా మూత గట్టిగా బిగించి కారులోనే పెట్టండి, గుర్రాలకు చింతపండు పడదు. బైనాక్యులర్స్ ఇంటికొకటి చాలదు, మనిషికొకటి కావాలి. మాకున్న ఒక్కటీ మొదటి గంటలోనే అత్తయ్య మెడలోకి వెళ్ళింది. రెండు రాష్ట్రాలు తిరిగాం, నా చేతికి మాత్రం రాలేదు.